కోత అయిన చేనుకు కాపలా

— ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

భౌతికశాస్త్రంలో పనికి ఒక నిర్వచనముంది. బలం ప్రయోగించిన వస్తువు కొంత దూరం కదిలితేనే పని జరిగినట్టు లెక్క. నిండు బిందె నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డ మనిషి ఆ బిందె మీద చేసిన పని సున్న. ఇంటర్‌లో ఈ పాఠం విన్నరోజు ఇంటికెళ్ళి అమ్మతో చెబితే, "అయితే మీ సారునొచ్చి గంటసేపు మొయ్యమను" అంది. అమ్మ మాటలోనూ సైన్సుంది. బిందె కదలకపోయినా దాన్ని నిలబెట్టడానికి కండరాలు లోలోపల బిగుస్తూ సడలుతూనే ఉంటాయి. తిన్న తిండి ఇచ్చిన శక్తి వేడిగా మారి ఖర్చవుతూనే ఉంటుంది. పని సున్న అయినంత మాత్రాన అలసట సున్న కాదన్నమాట.

అచ్చంగా ఇలాంటి అలసటనిచ్చే ఉద్యోగమొకటి ఉందని ఈ సంవత్సరమే నాకు తెలిసింది.

మా పెదనాన్న కూతురు ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చదివి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. దక్షిణ కొరియా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాలున్నాయని విని, ఒప్పంద పత్రం నమూనా ఒకటి సంపాదించింది. "తమ్ముడూ, నువ్వూ ఒకసారి చదివిపెట్టరా, ఎక్కడైనా మెలిక ఉందేమో" అని నా చేతికిచ్చింది. జీతం, ఉండడానికి ఇల్లు, అన్నీ బాగానే ఉన్నాయి. ఒకచోట మాత్రం ఆగిపోయాను. బడికి సెలవులున్న రోజుల్లో కూడా, తన వాటా సెలవు వాడుకుంటే తప్ప, ఉపాధ్యాయుడు రోజుకు 8 గంటలు బడిలో హాజరు కావాలట! పిల్లలు లేని బడిలో పంతులమ్మ ఏం చేస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే తెలిసిన సంగతులే ఇవి.

ఎవరీ విదేశీ ఉపాధ్యాయులు?

ఇంగ్లీషు మాట్లాడే దేశాల నుంచి యువకులను రప్పించి ప్రభుత్వ బడుల్లో సహాయక ఉపాధ్యాయులుగా నియమించే పద్ధతి జపానులో 'జెట్' అనే పేరుతో 1987లో మొదలైంది. మొదటి సంవత్సరం నాలుగు దేశాల నుంచి 848 మంది వచ్చారు. తరువాత ఆ సంఖ్య ఏటా వేలల్లోకి పెరిగింది. అలాంటిదే దక్షిణ కొరియాలో 1995లో 'ఎపిక్' పేరుతో ఆరంభమైంది. కొరియా ఈ రకం వీసాను మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఇస్తుంది. కాని భారత్, కొరియాల మధ్య 2009లో కుదిరి 2010 జనవరి 1 నుంచి అమలైన ఆర్థిక ఒప్పందం వల్ల, ఇంగ్లీషు బోధనలో అర్హత ఉన్న భారతీయులకు కూడా సహాయక ఉపాధ్యాయులుగా తలుపు తెరుచుకుంది. మా అక్క తట్టబోతున్నది ఆ తలుపే.

సెలవు ఎవరికి?

మన దగ్గర దసరా, సంక్రాంతి, వేసవి సెలవులంటే పిల్లలకూ, పంతుళ్ళకూ కూడా సెలవులే. అది ఊరికే వచ్చింది కాదు. ఆ సెలవులున్నాయి కాబట్టే మన ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఆర్జిత సెలవులు ఇతర ఉద్యోగుల కంటే తక్కువ. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తగ్గించారు. లెక్క సరిపోయింది.

జపానులో అలా కాదు. వేసవి సెలవులు సుమారుగా జూలై 20 ప్రాంతం నుంచి ఆగస్టు ఆఖరుదాకా ఉంటాయి. అవి పిల్లలకు మాత్రమే సెలవులు. ఉపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగి కాబట్టి అతనికవి పనిదినాలే. ఆటల క్లబ్బులు నడపాలి, శిక్షణ తరగతులకు వెళ్ళాలి, కాగితాలు పూర్తిచెయ్యాలి. 2018లో ఓ.ఇ.సి.డి. జరిపిన సర్వేలో జపాను మాధ్యమిక పాఠశాలల ఉపాధ్యాయుడు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. సర్వే చేసిన దేశాలన్నిటిలోకీ అదే ఎక్కువ. అలాంటి మనిషికి ఎదురు కుర్చీలో విదేశీ సహాయకుడు కూర్చుంటాడు. అతనికి సొంత తరగతి లేదు, క్లబ్బు బాధ్యత సాధారణంగా ఉండదు, జపనీస్ కాగితాలు చదవలేడు. ఎదుటివాడు పనితో సతమతమవుతుంటే తాను గోడ గడియారం చూస్తూ గడపాలి. జెట్ ఒప్పందంలో జీతంతో కూడిన సెలవులు కనీసం 10 రోజులు. అవి అయిపోయాక మిగిలినవన్నీ కుర్చీ రోజులే. కొందరినైతే బడి మూసి ఉందని విద్యాశాఖ కార్యాలయానికి పిలిపించి, అక్కడ ఓ మూల కుర్చీ చూపిస్తారు. అన్నిచోట్లా ఇదే తీరని కూడా అనలేం. కొందరు అధికారులు మధ్యాహ్నానికే ఇంటికి పొమ్మంటారు. అందుకే జెట్ ఉపాధ్యాయుల్లో 'ఎవరి పరిస్థితి వారిది' అనే మాట సామెతలాగా స్థిరపడిపోయింది.

కొరియాలో కథ ఇంకోరకం. అక్కడి విద్యా ఉద్యోగుల చట్టంలో 41వ నిబంధన ప్రకారం, పాఠాలకు భంగం రాకుండా, ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఉపాధ్యాయులు బడి వెలుపల స్వయంశిక్షణ పొందవచ్చు. కాబట్టి సెలవుల్లో కొరియా ఉపాధ్యాయులు చాలావరకు బడికి రానక్కరలేదు. కాని విదేశీ ఉపాధ్యాయుడు ఆ చట్టం కిందికి రాడు. అతనిది ఒప్పంద ఉద్యోగం. ఫలితమేమిటంటే, ఒకే బడిలో, ఒకే పాఠాన్ని కలిసి చెప్పిన ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉంటారు, మరొకరు చలికాలంలో ఖాళీ గదిలో కోటు విప్పకుండా కూర్చుంటారు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'డెస్క్ వార్మింగ్'. బల్ల దగ్గర కుర్చీని వెచ్చబెట్టడమన్నమాట.

చిన్న లెక్క

ఉదాహరణకు శీతాకాలపు సెలవుల్లో పనిదినాలు 40 అనుకుందాం. ఎపిక్ ఒప్పందాల్లో ఇటీవల సంవత్సరానికి 26 పనిదినాల సెలవు ఇస్తున్నారు. అందులో 15 చలికాలంలో వాడుకున్నాడనుకుందాం. సెలవుల్లో పిల్లలకు నడిపే 'ఇంగ్లీషు క్యాంపు'కు మరో 10 రోజులు. మిగిలినవి 15 రోజులు. రోజుకు 8 గంటల చొప్పున 120 గంటలు. వారానికి 4 గంటలుగా 15 వారాలు చెప్పే పేపర్లు రెండు ఆ కాలంలో ఆసాంతం పూర్తిచెయ్యొచ్చు!

ఇందులో బాధేముంది?

ఈ లెక్క వినిపించగానే మా పెదనాన్న నవ్వాడు. "కూర్చోబెట్టి జీతమిస్తే చేదా? ఎండలో కలుపు తీసేవాళ్ళనడుగు." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. రోజుకూలికి పోయే మనిషి ముందు ఈ బాధ చెప్పుకుంటే నిజంగా సిగ్గే. పైగా జపానులోనే ప్రైవేటు కంపెనీల ద్వారా బడులకు వెళ్ళే విదేశీ ఉపాధ్యాయులున్నారు. వాళ్ళలో చాలామందికి సెలవుల నెలలో కుర్చీ ఉండదు, పూర్తి జీతమూ ఉండదు. వాళ్ళను అడిగితే కుర్చీయే నయమంటారు.

యాజమాన్యం వైపు కూడా న్యాయం ఉంది. ప్రజల డబ్బుతో జీతమిస్తున్నప్పుడు మనిషి ఎక్కడున్నాడంటే ప్రధానోపాధ్యాయుడు జవాబు చెప్పాలి. ఒప్పందంలో 8 గంటలని రాశాక, ఒకరికి సడలిస్తే పక్క బడివాడు అడుగుతాడు.

అప్పటిదాకా ఊరుకున్న మా నాన్న అప్పుడొక మాటన్నాడు. "అన్నా, జొన్న గింజ పాలుపోసుకునేటప్పుడు మంచె మీద పొద్దంతా కూర్చుంటాం గదా. పిట్ట రాని రోజు చేసే పనేం లేదు. అయినా అది పనే. ఎందుకంటే కింద చేనుంది. కోత అయిపోయినాక కూడా ఆ మంచె మీదే కూర్చోమంటే? కూలి ఇచ్చినా రెండ్రోజులు కూర్చుంటామేమో, మూడోరోజు పిచ్చెక్కుద్ది."

నాకు విషయం అక్కడ అర్థమైంది. ఖాళీగా ఉండడం వేరు, ఎదురుచూడడం వేరు. నిప్పుల శకటం దగ్గర ఉద్యోగి, రాత్రి డ్యూటీ నర్సు కూడా గంటల తరబడి కూర్చుంటారు. వాళ్ళ కూర్చోడానికి అర్థముంది. విదేశీ ఉపాధ్యాయుని ఫిర్యాదు సోమరితనం వల్ల వచ్చింది కాదు. బాగా పాఠం చెప్పినవాడికే ఈ కుర్చీ ఎక్కువ గుచ్చుకుంటుంది. 'నీ నుంచి మాకు కావలసింది నీ బోధన కాదు, నీ సంతకం' అని ఆ కుర్చీ రోజూ చెబుతున్నట్టుంటుంది. బిందె కదలదు, మెడ మాత్రం నొప్పెడుతుంది.

మందు ఏమిటి?

మందు పెద్దది కాదని నాకు తోస్తుంది. మొదటిది, కుర్చీకి పని ఇవ్వడం. వచ్చే సంవత్సరం పాఠాలకు బొమ్మలు, రికార్డింగులు తయారుచెయ్యమనొచ్చు, గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలు సర్దమనొచ్చు. రెండవది, స్థానిక భాష నేర్చుకోవడాన్నే ఆ రోజుల డ్యూటీగా గుర్తించడం. భాష వస్తే ఎదురు కుర్చీలో వారి కాగితాల బరువు కూడా కొంత పంచుకోగలడు. మూడవది, కొరియా ఉపాధ్యాయునికి 41వ నిబంధన ఇచ్చిన నమ్మకంలో కాస్త విదేశీయునికీ ఇవ్వడం. ఇంటి దగ్గర ఏం చేశావో చివర్లో చూపించమంటే సరిపోతుంది. ఈ మూడింటికీ కొత్తగా డబ్బు అక్కరలేదు.

మిత్రులారా, ఇదంతా సముద్రాల అవతలి సంగతని తీసిపారేయొద్దు. 75 శాతం హాజరు కోసం వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి వేపచెట్టు ఆకులు లెక్కపెట్టిన మనకు ఇది కొత్త కాదు. గురువర్యులు మన్నించాలి, తప్పు వారిదని అనడం లేదు. కూర్చున్నవాడికి అక్కడొక చేను కనిపించాలి. దాన్ని చూపించడం చెప్పేవారి వంతైతే, చూడడం మన వంతు.

మన కాలేజీ నుంచి కూడా ఎవరైనా ఇలాంటి ఉద్యోగాలకు వెళ్ళొచ్చు. జీతం అంకె చూసి సంతకం పెట్టకుండా మూడు ప్రశ్నలు అడగండి. బడి సెలవుల్లో నేనెక్కడుండాలి? అక్కడ నా పనేమిటి? ఆ రోజులకు జీతం పూర్తిగా వస్తుందా?

మా అక్క అడిగింది. మొదటిదానికీ మూడోదానికీ జవాబొచ్చింది. రెండోదానికి రాలేదు. అయినా దరఖాస్తు పెట్టింది. "పని వాళ్ళు చూపించకపోతే నేనే చూసుకుంటా" అని ఇప్పటినుంచే కొరియా అక్షరాలు దిద్దుతోంది. 24 అక్షరాలేనట, మన అక్షరాల్లో సగం కూడా లేవు. రోజూ సాయంత్రం వరండాలో ఆమె దిద్దుతుంటే, మా నాన్న పక్కన కూర్చుని చూస్తున్నాడు. "ఇదీ కాపలాయే, కాని చేను మొలిచింది" అంటున్నాడు.