కీళ్లవాతం – రక్తం చెప్పే కబుర్లు

ఉదయం లేవగానే పిడికిలి బిగియదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచితేగాని కూర తరగడానికి కత్తిపీట దగ్గర కూర్చోలేరు. గంట గడిచాక కాస్త నయం. దీనిని చాలా ఇళ్లలో "ఏ.సి. గాలి పడలేదు" అని సరిపెట్టుకుంటారు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, ఈ రుమటాయిడ్ కీళ్లవాతం వేరు. ఇందులో మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తే మన కీళ్లమీద పడుతుంది. పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మందు మొదలుపెట్టాక, లోపలి వాపు నిజంగా తగ్గిందా, లేక నొప్పి బిళ్లల చాటున రగులుతూనే ఉందా? ఇది తెలుసుకోవడానికి సాయపడేవే రక్తపరీక్షలు.

వాటిలో పాతది ఇ.ఎస్.ఆర్. స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో ప్రకటించిన పద్ధతి నేటికీ ప్రమాణం. నిలువు గొట్టంలో రక్తం పోసి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో కొలుస్తారు. వాపు ఉంటే కణాలు నాణేల దొంతరలా అంటుకొని తొందరగా దిగిపోతాయి. అయితే రక్తహీనత, గర్భం, పెద్ద వయసు కూడా ఈ అంకెను పెంచుతాయి. సి.ఆర్.పి. ఇంకాస్త చురుకైనది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని కనుగొన్నారు. కాలేయంలో తయారయ్యే ఈ ప్రోటీను, వాపు కారణం తొలగితే సుమారు 19 గంటలకొకసారి సగమవుతూ పోతుంది. కాని పంటిలో చీము పట్టినా పెరుగుతుంది! అందుకే డాక్టరు అంకె ఒక్కటే చూడరు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లు నొక్కి చూసి, మీకెలా ఉందో అడిగి, ఆ పైన అంకెను కలుపుతారు. ఆ నొక్కి చూడటం లేకుండా ఫోన్లో రిపోర్టు చదివించుకుంటే సగం వైద్యమే.

ఆర్.ఏ. ఫాక్టర్ సంగతి వేరు. అది, యాంటీ సి.సి.పి. రోగనిర్ధారణకు పనికొస్తాయి. జబ్బు హెచ్చుతగ్గులు చూడటానికి నెలనెలా చేయించడం నా దృష్టిలో డబ్బు దండుగ. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులలో కొందరికీ ఆర్.ఏ. ఫాక్టర్ పాజిటివ్ వస్తుంది. లూపస్‌లో మరో చిక్కు: జబ్బు ముదిరినా సి.ఆర్.పి. పెద్దగా కదలకపోవచ్చు. అక్కడ సి3, సి4, యాంటీ డి.ఎస్. డి.ఎన్.ఏ. చూస్తారు.

మనవంటి ప్రవాసులకు ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది. అల్ ఖోబర్‌లో చేయించిన సి.ఆర్.పి. 12 అని ఉండవచ్చు, సెలవులో విశాఖలో చేయించినది 1.2 అని ఉండవచ్చు. "పదోవంతుకు తగ్గింది" అని సంబరపడి మందు మానేస్తే ప్రమాదమే. మొదటిది లీటరుకు మిల్లీగ్రాములు, రెండవది డెసిలీటరుకు. అంటే రెండూ ఒకటే! అంకె పక్కనున్న కొలమానం, ఆ లాబ్ ముద్రించిన పరిమితి తప్పక చూడండి. పాత రిపోర్టులన్నీ వరుసగా ఒక ఫైలులో పెట్టి చేతి సంచిలోనే ఉంచుకోండి.

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుక వెనుక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1940లలో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. అవి మొదట పిల్లల రక్తకాన్సర్‌కు వాడారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా ప్రభుత్వం 1988లో ఆమోదించింది. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశారు. ఈ మందుతోపాటు డాక్టర్లు రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ బిళ్ల కూడా ఆయన బృందం పుణ్యమే.

ఈ మందు వాడేవారికి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో కొన్ని వారాలకొకసారి, తరువాత సుమారు మూడు నెలలకొకసారి తప్పవు. సెలవులో ఉన్నా సరే. గర్భవతులు దీనిని వాడరాదు, బిడ్డ కావాలనుకునేవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, కీళ్లవాతానికి ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. డాక్టరుతో చెప్పి ఆ రోజు శుక్రవారం అని పెట్టుకుంటే, ఇక్కడివారికి మరిచిపోవడం కష్టం.