‘గ్రాస్ప్’ అనే మాట – అర్థాలు, వాడుక

ఉపకారవేతనం దరఖాస్తులో ‘మీ గురించి రాయండి’ అన్నచోట చాలామంది విద్యార్థులు ‘ఐ హ్యావ్ గుడ్ గ్రాస్పింగ్ పవర్’ అని రాస్తుంటారు. ‘మావాడికి గ్రాస్పింగ్ పవర్ తక్కువండీ’ అని తల్లిదండ్రులూ అంటుంటారు. ఇంతగా వాడే ఈ మాటను ఒకసారి సరిగా తెలుసుకుందాం.

మొదటి అర్థం: చేతితో గట్టిగా పట్టుకోవడం. ‘షి గ్రాస్ప్‌డ్ ద రోప్’ అంటే ఆమె తాడును గట్టిగా పట్టుకుంది. భూతకాలానికి చివర ఇ, డి అక్షరాలు చేర్చాలి, కానీ పలికేటప్పుడు ‘ట్’ అని వినిపిస్తుంది. తాడుకు ముందు ‘టు’ పెడితే తప్పు. ‘గ్రాస్ప్ ఎట్’ అంటే మాత్రం అందుకోవాలని ఆత్రంగా చెయ్యి చాచడం.

రెండో అర్థం: విషయాన్ని గ్రహించడం. మనకిది కొత్తేమీ కాదు. పాణిగ్రహణం అంటే చెయ్యి పట్టుకోవడమే కదా! ‘గ్రహించు’ అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇంట్లో ‘లెక్కల మీద పట్టుంది’ అంటాం, మరాఠీ బడిలో ‘పకడ్’ అంటారు, ఇంగ్లీషులో ‘ఎ గుడ్ గ్రాస్ప్ ఆఫ్ మ్యాథ్స్’ అంటారు. మూడూ ఒక్కటే.

దగ్గరి మాటల్లో తేడా గమనించండి:

1. గ్రాబ్ – చటుక్కున లాక్కోవడం.
2. గ్రిప్ – పట్టు సడలకుండా ఉంచడం, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు.
3. క్లచ్ – భయంతోనో ఆత్రంతోనో బిగించి పట్టుకోవడం.
4. క్లింగ్ – వదలకుండా అంటిపెట్టుకోవడం. దీని తర్వాత ‘టు’ రావాలి.

ఇక అసలు జాగ్రత్త. ‘గ్రాస్పింగ్’ ఒక్కటే విశేషణంగా వాడితే డబ్బాశ గలవాడని అర్థం. ‘హి ఈజ్ ఎ గ్రాస్పింగ్ బాయ్’ అని రాస్తే తెలివైనవాడని కాదు, అత్యాశపరుడని చెప్పినట్టు! ‘గ్రాస్పింగ్ పవర్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది గానీ, బయటివారికి వింతగా ఉంటుంది. దరఖాస్తులోనూ ఇంటర్వ్యూలోనూ ‘ఐ గ్రాస్ప్ న్యూ ఐడియాస్ క్విక్లీ’ అంటే సరిపోతుంది. దాని పక్కనే మీరు సొంతంగా నేర్చుకున్నదొకటి ఉదాహరణగా రాస్తే ఇంకా మంచిది.

తల్లిదండ్రులకు ఒక మాట. గ్రాస్ప్ అనేది క్రియ, అంటే చేసే పని. అది పుట్టుకతో కొలిచి ఇచ్చిన సరుకు కాదు. మగ్గం మీద తెగిన పోగును ముడివేయడం మనలో ఎవరికీ మొదటి రోజే రాలేదు. పదిసార్లు వేళ్లు తడబడ్డాకే పట్టు చిక్కింది. పిల్లల చదువూ అంతే. ‘పవర్ తక్కువ’ అని పిల్లవాడి ముందే అనేసి, తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించి పనిలో పెట్టకండి. అర్థం కాని పాఠాన్ని మళ్లీ అడిగే ధైర్యం ఇవ్వండి. పట్టు దానంతటదే వస్తుంది.