మాటిమాటికి పడిపోవు మీట

గడచిన కార్తీకమాసమున ఒకనాటి తెల్లవారుజామున మా అత్తగారు స్నానమునకు లేచి గీజరు మీట నొక్కిరి. అయిదు నిమిషములు గడువకమునుపే ఇల్లంతయు చీకటి యైనది. టార్చిదీపము పట్టుకొని బోర్డునొద్దకు పోయి చూడగా, వరుసగానున్న చిన్నమీటలన్నియు పైకే యున్నవి; వానికి మొదటనున్న వెడల్పైన మీట మాత్రము క్రిందికి పడియున్నది. దానిని ఎత్తితిమి. దీపములు వెలిగినవి. గీజరు మరల వేసితిమి, మరల చీకటి. ఇట్లు మూడుదినములు జరిగెను. వీధివారందరికిని కరెంటుండగా మాకు మాత్రమే లేకపోవుట చూచి, మీ మీటయే చెడినదని పొరుగువారు తేల్చిరి.

నాలుగవనాడు పిలిపించిన పనివాడును అదే చెప్పెను. "ఈ స్విచ్చితోనేనమ్మా మీకు తంటా. దీన్ని తప్పించి డైరెక్టు చేసేస్తాను. ఇంక కరెంటు పోదు" అనెను. ఆ మాట మాకును తీపిగానే తోచినది. చలివేళ చన్నీటితో స్నానమాడుచున్న పెద్దావిడను తలచుకొని సరేయనియే అంటిమి. కాని అతనియొద్ద ఆనాడు తగిన తీగె లేకపోయినది. మరునాడు వచ్చెదనని పోయెను. మేము బ్రతికిపోయినది మా తెలివివలన గాదు, తీగె లేకపోవుటవలన.

ఆ సాయంకాలము మరియొక చిత్రము జరిగెను. గీజరు మీట ఆపియే యున్నది. వంటయింట మిక్సీ వేయగా బోర్డులోని పెద్దమీట పడినది. ఇక మిక్సీయు చెడినదని దానిని నాలుగు మాటలంటిమి. మా పేటలో విద్యుత్తుశాఖయందు చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దమనిషి యొకరు గలరు. మావారు పోయి సంగతి చెప్పగా ఆయన మరునాటి ఉదయమే వచ్చిరి. వారివలన తెలిసికొన్నది సోదరీమణులకు చెప్పవలెనని ఇది వ్రాయుచున్నాము.

బోర్డులోని మీటలు రెండు జాతులవి. చిన్నవానిని ఎం.సి.బి. లందురు. అవి కాపాడునది తీగెలను. పూర్వము ఫ్యూజుతీగె చేసిన పనియే ఇవియు చేయును. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల యొద్ద సుమారు 9 ఆంపియర్ల కరెంటు పుచ్చుకొనును. అదే తీగెపై ఇస్త్రీపెట్టెయు, నీళ్లమోటారును కూడ వేసి 16 ఆంపియర్ల హద్దును బాగుగా మీరినచో చిన్నమీట పడును. వెడల్పైన మీట సంగతి వేరు. దాని పేరు ఆర్.సి.సి.బి.; మన పనివారు అలవాటుచొప్పున ఈ.ఎల్.సి.బి. అనియు అందురు. అది కాపాడునది మనుష్యులను. ఫేజు తీగెలో లోనికి పోయిన కరెంటంతయు న్యూట్రల్ తీగెలో తిరిగి రావలెను. చాకలిపద్దులో వేసిన బట్టలెన్నో వచ్చినవన్నియా యని మనము సరిచూచుకొన్నట్లు, ఈ మీట ప్రతిక్షణమును ఆ లెక్క చూచుచుండును. తక్కువ 30 మిల్లీ ఆంపియర్లకు చేరెనేని, ఆ కరెంటు దారితప్పి భూమిలోనికి కారుచున్నదని గ్రహించి తాను పడును. అందులకు పట్టుకాలము సెకండులో మూడవవంతుకంటె తక్కువ.

అంత కొంచెమునకే ఇంత హడావుడి యేలయని మాకును తోచినది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాచార్యుడు చార్లెస్ డాల్జీల్ అనునాయన 1961 లో ఇట్టి పనిముట్టునే నిర్మించెను. అంతకుముందే ఆయన మనుష్యులపై పరీక్షలు జరిపి, కరెంటు తీగెను పట్టుకొన్న చేతిని మనిషి తనంతట విడిపించుకొనగల హద్దును కొలిచెను. సగటున పురుషులకది సుమారు 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు 10½. అది దాటిన పిదప పిడికిలి బిగిసికొనును, విడువవలెనన్నను విడువలేరు. చిన్నమీట యోర్చుకొను 16 ఆంపియర్లలో వెయ్యవవంతే ఈ 16 మిల్లీ ఆంపియర్లు! స్నానపుగదిలో తడికాళ్లతో నిలుచువారికి చిన్నమీటలెన్ని యున్నను ఏమి లాభము?

ఇక గీజరులో కరెంటు కారుటకు కారణము. లోపలి కాయిలు ఒట్టి తీగె గాదు. లోహపు గొట్టములో నిక్రోముతీగె యుండును. ఆ తీగె గొట్టమునకు తగులకుండ మెగ్నీషియము ఆక్సైడు అను తెల్లనిపొడి దట్టించియుందురు. మనలో పెక్కుమందికి బోరునీరే గతి. ఆ నీటిలోని సున్నము పొరలుపొరలుగా గొట్టముపై పేరుకొనగా వేడి నీటిలోనికి పోలేక గొట్టము మితిమీరి కాగి, ఎచ్చటనో సన్నని నెరియ విచ్చును. నీరు లోనికి దిగి పొడిని తడుపును. అంతట కరెంటునకు దొడ్డిదారి దొరకినట్లే. మొదటిదినము మా గీజరు అయిదు నిమిషములు ఓర్చుట, కాగినకొలది నెరియ విచ్చుకొనుటచేతనట. నాలుగవనాటికి వేసిన తోడనే మీట పడసాగెను.

మిక్సీ చిక్కు నాయన నవ్వుచు విప్పిరి. గోడమీది మీట ఆపినపుడు ఫేజు తీగె యొకటియే తెగును. న్యూట్రల్ తీగె గీజరునకు తగిలియే యుండును. కాయిలు పూర్తిగా చెడినపుడు, మిక్సీనుండి తిరిగివచ్చు కరెంటులో కొంత ఆ న్యూట్రలుగుండ గీజరులో దూరి ఎర్తులోనికి జారును, లెక్క తప్పును, మీట పడును. కావున గీజరుమీద అనుమానము కలిగినపుడు మీట ఆపుట చాలదు. మెయిను ఆపి, పొడిచేతులతో ప్లగ్గు ఊడదీయవలెను. పిమ్మట పెద్దమీట నెత్తిచూడవలెను. నిలిచినచో దోషము గీజరుది. అప్పటికిని పడినచో మోటారో, బట్టలుతుకు యంత్రమో, వానకు తడిసిన వాకిటిదీపమో వెదకవలెను. ఒక్కొక్కటే ఊడదీయుచు పోయిన దొరకును. మేము ప్లగ్గు తీసినపిదప మిక్సీ చక్కగా తిరిగినది. పాపము, దాని నూరక నిందించితిమి!

ఇంతవరకు గృహిణి చేయదగిన పని. గీజరు మూత విప్పుట మన పని గాదు. ఆయన తమ మెగ్గరును ప్లగ్గు పిన్నునకును ఎర్తు పిన్నునకును తగిలించి 500 వోల్టులతో పరీక్షించిరి. 10 లక్షల ఓములకు పైగా చూపవలసిన ముల్లు సున్నయొద్దనే నిలిచినది.

అప్పుడాయన చెప్పినది వినగా మాకు ఒడలు జలదరించినది. మా దొడ్డిలోని ఎర్తుగుంటలో నీరు పోసి యెన్నియేండ్లాయెనో. అట్టి ఎండినగుంట 50 ఓములు అడ్డగించు ననుకొందము. 230 వోల్టులకు దానిగుండ 5 ఆంపియర్లలోపే పారును. పెద్దమీట పడుటకది నూరంతలకు మించినది. చిన్నమీట కదలుటకు మాత్రము చాలదు. ఆ పనివాడు చెప్పినట్లు పెద్దమీటను తప్పించియుండినచో దీపములన్నియు చక్కగా వెలుగుచునే యుండును. గీజరు తొట్టికిని, కొళాయికిని, అందలి నీటికిని ప్రాణాంతకమైన కరెంటు పట్టియుండును. కొందరు మీట పడకుండుటకై ప్లగ్గులోని ఎర్తుతీగెనే కత్తిరింతురట. అది యింకను ఘోరము. తొట్టిని మనిషి ముట్టుకొనువరకు కరెంటు అచ్చటనే పొంచియుండును. విదురునివలె హితము చెప్పుచున్నదానిని మూడుదినములు తిట్టి, నాలుగవనాడు గెంటివేయ చూచితిమి.

పెద్దమీటపై "టి" అను గుర్తుతో చిన్నబొత్తా మున్నది. నెలకొకసారి నొక్కినయెడల మీట పడవలెను, పడకున్నచో మార్పింపవలెను. ఈ యింటికి వచ్చినది మొదలు మే మొక్కసారియు నొక్కియుండలేదు.

కాయిలు మార్పించితిమి; దానితోడనే మెగ్నీషియపు కడ్డీయు. తొట్టికి బదులు తాను అరిగిపోవుటకై అమర్చిన కడ్డీ యది. మాది పుల్లవలె మిగిలినది. ఎర్తుగుంటలో ఉప్పును బొగ్గును వేయించి నీరు పోయించితిమి.

ఆనాడు తీగెచుట్టతో వచ్చిన మొదటి పనివానికి అరుగుమీదనున్న పాతకాయిలును చూపితిమి. తెల్లని పెచ్చులు కట్టి నిలువున చీలియున్న దానిని చేతిలో త్రిప్పి త్రిప్పి చూచెను. "మా యింట్లో కూడా డైరెక్టే చేసుకున్నానమ్మా" అని, కాసేపు నిలిచి, తీగెచుట్ట భుజమున వేసికొని ఇంటిదారి పట్టెను.