కాళ్ల కింద నిప్పుల సముద్రం లేదు

అపోహ: భూమి పైపెంకు కింద అంతా మరుగుతున్న లావాయే.

స్కూలు పుస్తకంలో కోసి చూపించిన భూమి బొమ్మ గుర్తుందా? పైన సన్నటి గోధుమరంగు అంచు, లోపలంతా ఎరుపు, నారింజ. ఈ అపోహను పుట్టించింది ఆ రంగులేనని నా అనుమానం. భూపటలం కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న భూప్రావారం దాదాపు అంతా గట్టి రాయి. దాని పై భాగపు రాయి బయటికొచ్చి చల్లారితే ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ఆలివిన్ అనే ఖనిజం అందులో ఎక్కువ.

అంత లోతుకు ఎవరూ వెళ్లకుండానే ఈ సంగతి భూకంపాలు చెప్పాయి. ద్రవాల్లోంచి పోలేని ఒక రకం తరంగాలు భూప్రావారాన్ని హాయిగా దాటేస్తాయి, దాని అడుగున ఉన్న ద్రవ ఇనుము దగ్గరే ఆగిపోతాయి. గట్టి రాయి కదా, కదలదనుకుంటే అదీ పొరపాటే. ఎండలో నిలబెట్టిన కొవ్వొత్తి కరగకుండానే వంగినట్టు, ఈ రాయి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉంటుంది. ఒత్తిడి తగ్గినచోట, నీరు చేరినచోట మాత్రమే కొంత కరుగుతుంది. అగ్నిపర్వతాలకు అందేది ఆ కొంచెమే.

నట్టనడుమ ఉన్న గోళం మళ్లీ గట్టిదే. అక్కడి వేడి సూర్యుడి ఉపరితలంతో పోటీపడేంత ఉన్నా, ఒత్తిడి ఇనుమును కరగనివ్వదు. ఆ లోపలి గోళం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ తేల్చారు.

రష్యాలో తవ్విన కోలా బోరుబావిలో నరకం కేకలు వినిపించాయన్న కథ యూట్యూబ్‌లో ఇంకా తిరుగుతోంది. 12,262 మీటర్ల లోతున వాళ్లకు ఎదురైంది సుమారు 180 డిగ్రీల వేడి. అంత తవ్వినా భూపటలాన్నే దాటలేదు.

అపోహ: బొగ్గు ఒత్తిడికి గురైతే వజ్రమవుతుంది.

దీన్ని సరిచేయడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, రెండూ మన దగ్గరే ఉన్నాయి. సింగరేణి బొగ్గు పాతిక నుంచి ముప్పై కోట్ల ఏళ్ల కిందటి చెట్టూచేమా. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైట్ రాయి వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. అప్పటికి నేల మీద గడ్డిపరక కూడా మొలవలేదు. మొక్కలే లేనప్పుడు బొగ్గెక్కడిది?

ఆ వజ్రాలు పుట్టింది 150 కిలోమీటర్లకు మించిన లోతులో, భూప్రావారంలోనే ఉన్న కార్బన్ నుంచి. కింబర్లైట్ అక్కడి నుంచి వేగంగా ఎగదన్నుకొస్తూ వాటినీ, అక్కడి రాతి ముక్కలనూ మోసుకొచ్చింది. తొలకరి పడగానే ఆ చుట్టుపక్కల చేలల్లో, కర్నూలు జిల్లా జొన్నగిరి వైపు జనం వంగి వెతుకుతుంటారు కదా. వానకు వజ్రం పుట్టదు. పైమట్టి కొట్టుకుపోయి, ఉన్న రాయి మెరుస్తుంది, అంతే.

అపోహ: దక్కన్ రాతి నేల, ఇక్కడ భూకంపం రాదు.

1993 సెప్టెంబరు 30కి ముందు అధికారిక పటం కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పేది. లాతూర్ జిల్లా కిల్లారి అప్పట్లో అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉండేది. ఆ తెల్లవారుజామున 6.2 తీవ్రతతో భూమి కంపించి, మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. దాదాపు పది వేల మంది చనిపోయారు. తర్వాత పటాన్ని మార్చినప్పుడు ఆ అట్టడుగు జోన్‌నే తీసేశారు.

మన గోదావరి లోయ సంగతి మరీ ఆసక్తికరం. అది పగుళ్ల మధ్య నేల కుంగి ఏర్పడిన లోయ. కుంగినచోట చేరిన చెట్టూచేమే సింగరేణి బొగ్గయింది. ఆ పాత పగుళ్లున్న ప్రాంతంలోనే 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. రెండోదాని కదలిక హైదరాబాద్ దాకా తెలిసింది. హిమాలయాల్లో అంత తరచుగా ఇక్కడ రావు, నిజమే. రావడం అరుదు కావడం వేరు, రాకపోవడం వేరు.

అపోహ: సముద్రం ఎక్కడైనా ఒకే ఉప్పు, ఆకాశం నీడ వల్లే నీలం.

నీళ్లే ఎర్ర కాంతిని మింగేస్తాయి, మిగిలేది నీలం. ఆకాశం వాటా కొంచెమే. ఇక ఉప్పంటారా, గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి వచ్చి కలిసే బంగాళాఖాతం అరేబియా సముద్రం కన్నా ఉప్పు తక్కువ.

అపోహ: సునామీకి ముందు సముద్రం తప్పకుండా వెనక్కి పోతుంది.

ఈ అపోహ ప్రాణం తీయగలదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రపు నేల పడమటి వైపు పైకి లేచింది, తూర్పు వైపు కుంగింది. అందుకే థాయ్‌లాండ్‌లో నీళ్లు ముందు వెనక్కి తగ్గాయి; మన తూర్పు తీరాన్ని మొదట తాకింది పొంగే. సముద్రం వెనక్కి పోతే పరుగెత్తాల్సిందే, కానీ అది పోయేదాకా ఆగి చూస్తానంటే కుదరదు.

సముద్రంలో పెద్ద భూకంపం వస్తే సునామీ ఖాయమన్నదీ తప్పే. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా వైపు 8.6 తీవ్రతతో వచ్చింది. నేల పక్కకు జరిగిందే గానీ నీటిని ఎత్తేంతగా లేవలేదు, పెద్ద సునామీ రాలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచింది కూడా సునామీయేనని కొందరు పొరబడుతుంటారు. అది ఉప్పెన. తుపాను గాలి సముద్రాన్ని నేల మీదికి తోసుకొచ్చింది, భూకంపంతో దానికి సంబంధం లేదు. తుపాను రోజుల ముందే కనబడుతుంది కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరికకు వ్యవధి ఉంటుంది. సునామీకి గంటలే. సునామీ హెచ్చరిక దేశం మొత్తానికీ వెలువడేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి.