పగవాడికి తెలిసిన గుట్టు

2004 జనవరి. లిబియా రాజధాని ట్రిపోలీ. అణ్వాయుధ ప్రయత్నాలు మానుకుంటున్నామని గడాఫీ ప్రభుత్వం ప్రకటించి నెల తిరిగింది. అక్కడి అధికారులు విదేశీ తనిఖీదారుల ముందు కొన్ని ప్లాస్టిక్ సంచులు పెట్టారు. వాటిమీద ఇస్లామాబాద్‌లోని ఒక దర్జీ దుకాణం పేరుంది. లోపల ఉన్నవి బట్టలు కావు, అణుబాంబు తయారీ పటాలు. కొన్ని కాగితాలు చైనా భాషలో ఉన్నాయి. 1960లలో చైనా వేసుకున్న నమూనా పాకిస్తాన్ చేరి, అక్కణ్ణుంచి దళారుల చేతులు మారి లిబియా దాకా వచ్చిందన్నమాట.

మైదుకూరులో కూర్చుని ట్రిపోలీ సంచుల గురించి రాయడానికి కారణం ఉంది. ఈ కథలో మా కడప జిల్లా రాయి కూడా ఉంది. అయితే అక్కడికి రావాలంటే ముందు ఒక అపోహను పక్కన పెట్టాలి.

దొంగచాటు అణు వ్యాపారం అనగానే అందరూ ఒకే మనిషి పేరు చెప్తారు: అబ్దుల్ ఖదీర్ ఖాన్. 1936లో భోపాల్‌లో పుట్టాడు, 1952లో పాకిస్తాన్ వెళ్లాడు, యూరప్‌లో లోహశాస్త్రం చదివాడు. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పరిశోధన సంస్థలో చేరాడు. బ్రిటన్, పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్ కలిసి పెట్టిన యురెన్కో అనే యురేనియం శుద్ధి సంస్థకు అది పని చేసిపెట్టేది. 1974 మే 18న పోఖ్రాన్‌లో మనవాళ్లు అణు పరీక్ష జరిపాక, నా సేవలు వాడుకోండని ఖాన్ అప్పటి పాకిస్తాన్ ప్రధాని భుట్టోకు ఉత్తరం రాశాడు. 1975 డిసెంబరులో సెంట్రిఫ్యూజుల పటాలు, విడిభాగాలు అమ్మే కంపెనీల చిరునామాలు వెంటబెట్టుకుని స్వదేశం చేరాడు.

గనిలో దొరికే యురేనియంలో పగిలే గుణమున్న రకం నూటికి ఒక్క వంతు కూడా ఉండదు, 0.7 శాతమే. బాంబుకు అది 90 శాతం దాకా కావాలి. యురేనియాన్ని వాయువుగా మార్చి, సన్నటి గొట్టాల్లో విపరీతమైన వేగంతో తిప్పితే బరువైన రకం అంచుకు, తేలికైనది నడిమికి చేరుతుంది. సెంట్రిఫ్యూజు అంటే ఆ గొట్టమే. అలాంటివి వేలసంఖ్యలో వరసగా తిరగాలి. ఆ గొట్టానికి తగిన ఉక్కు, తగిన బేరింగు, తగిన కవాటం ఎవరి దగ్గర దొరుకుతాయో తెలిసినవాడికే ఈ విద్య పట్టుబడుతుంది. ఖాన్ గొప్పతనం సిద్ధాంతంలో లేదు, సరుకు దొరికే చోట్లు తెలియడంలో ఉంది. మొదట తన దేశం కోసం కొన్నాడు. తర్వాత అదే దారిలో ఇరాన్‌కు, ఉత్తర కొరియాకు, లిబియాకు అమ్మాడు. 2003 అక్టోబరులో బీబీసీ చైనా అనే ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్లించి వెతికితే మలేసియాలో తయారైన సెంట్రిఫ్యూజు భాగాలు పెట్టెలకొద్దీ బయటపడ్డాయి. 2004 ఫిబ్రవరి 4న ఖాన్ టీవీలో నేరం ఒప్పుకున్నాడు, అంతా తన సొంత నిర్ణయమేనన్నాడు. మర్నాడే పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ క్షమాభిక్ష పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత ఖాన్ ఆ ఒప్పుకోలును వెనక్కు తీసుకున్నాడు.

ఒక్కడే చేశాడట! ఉత్తర కొరియాకు ఇరవైకి పైగా సెంట్రిఫ్యూజులు వెళ్లాయని ముషారఫే 2006లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. సైన్యం కాపలా కాసే కహూటా శుద్ధి కర్మాగారం నుంచి అవి సైన్యానికి తెలియకుండా ఎట్లా బయటికి పోతాయి? అంతకంటే విచిత్రం 2000 జులైలో జరిగింది. పాకిస్తాన్ వాణిజ్య శాఖ పత్రికలో నిండు పేజీ ప్రకటన ఇచ్చింది. అణు పదార్థాలు, పరికరాలు ఎగుమతి చేయాలనుకునేవాళ్లు ఎలా దరఖాస్తు పెట్టుకోవాలో అందులో ఉంది. జాబితాలో శుద్ధి చేసిన యురేనియం, ప్లుటోనియం కూడా ఉన్నాయి. దొంగకు దరఖాస్తు ఫారం అచ్చువేసిచ్చిన ప్రభుత్వం నాకు తెలిసి ఇదొక్కటే.

పాకిస్తాన్‌ను తిట్టుకుని ఊరుకుందామా అంటే, చుట్టూ ఉన్న పెద్దమనుషులు ఏం చేశారో కూడా చూడాలి. ఖాన్‌ను పట్టుకుందామనుకుంటే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వద్దని వారించిందని నెదర్లాండ్స్ మాజీ ప్రధాని రూడ్ లుబర్స్ 2005లో బయటపెట్టాడు. 1979లో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో అడుగుపెట్టగానే పాకిస్తాన్ బాంబు సంగతి అమెరికా కంటికి ఆనలేదు. 1981లో 320 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. సోవియట్ సేనలు వెళ్లిపోయిన మరుసటి ఏడాది, 1990లో, బాంబు ఉన్న దేశానికి సాయం చేయకూడదన్న తన చట్టం ఉన్నట్టుండి గుర్తొచ్చి సాయం ఆపేసింది. ఖాన్ టీవీలో నేరం ఒప్పుకున్న 2004లోనే పాకిస్తాన్‌కు నాటో వెలుపలి ముఖ్య మిత్రదేశం హోదా ఇచ్చింది. ఖాన్‌కు సరుకు చేరవేసిన టిన్నర్ కుటుంబం మీద స్విట్జర్లాండ్‌లో కేసు నడుస్తుంటే, అక్కడి ప్రభుత్వం 2007లో ఆ కేసు కాగితాలను నాశనం చేయించింది. బాంబు పటాలు దుర్మార్గుల చేతిలో పడకూడదనే అలా చేశామంది. టిన్నర్లు సీఐఏకు వేగులుగా పనిచేశారన్న సంగతి కూడా ఆ కాగితాల్లోనే ఉండేది మరి.

ఇన్ని ప్రభుత్వాలకు తెలిసినప్పుడు దాన్ని రహస్య వ్యాపారం అనడం దేనికి? ఆ రహస్యం పగదేశానికి తెలుసు, మిత్రదేశానికి తెలుసు, గూఢచారులకు తెలుసు. పన్ను కట్టేవాడికే తెలియదు.

ఇక మన సంగతి. మనవాళ్లు శుద్ధపూసలేమీ కాదు. 1974 పరీక్షకు వాడిన ప్లుటోనియం ట్రాంబేలోని సైరస్ రియాక్టర్ నుంచి వచ్చింది. ఆ రియాక్టర్ కెనడా ఇచ్చింది, అందులో పోసిన భారజలం అమెరికా ఇచ్చింది. శాంతియుత అవసరాలకే వాడతామని మనం మాటిచ్చాం. శాంతియుత పేలుడే కదా అని తర్వాత వాదించాం. కెనడా సహకారం తెంచుకుంది. అణు సరుకు అమ్మే దేశాలు ఒక కూటమి కట్టి మనకు తలుపులు మూశాయి.

తలుపులు మూసుకున్నాక భారజలం కరువైంది. మన రియాక్టర్లలో ఎక్కువవాటికి మామూలు నీళ్లు పనికిరావు, భారజలమే కావాలి. బరోడా కర్మాగారంలో 1977లో ప్రమాదం జరిగింది. మిగతావి అనుకున్న వేళకు అందిరాలేదు. ఇవతల కల్పాక్కం మొదటి రియాక్టర్ 1983 జులైలో, ట్రాంబేలో ధ్రువ 1985 ఆగస్టులో నడక మొదలుపెట్టాయి, అదీ విదేశీ తనిఖీ లేకుండా. మరి నీళ్లెక్కడివి? ఆల్‌ఫ్రెడ్ హెంపెల్ అనే పశ్చిమ జర్మనీ వ్యాపారి ఇక్కడ తెరమీదికొస్తాడు. 1983లో నార్వే నుంచి పశ్చిమ జర్మనీ కోసమని కొన్న 15 టన్నుల భారజలం అక్కడికి చేరలేదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మీదుగా బొంబాయికి వచ్చింది. రొమేనియాకని నార్వే పంపిన మరో 12.5 టన్నులు కూడా మనకే చేరాయి. ఈ గుట్టు లాగిన అమెరికన్ పరిశోధకుడు గ్యారీ మిల్‌హోలిన్ మరో మాట కూడా అన్నాడు: అదే హెంపెల్ చైనా భారజలాన్ని కూడా భారత్‌కు చేర్చాడని. చైనా బాంబును చూసి భయపడి బాంబు దారి పట్టిన దేశం చైనా నీళ్లతో రియాక్టర్ నడిపిందంటే, వ్యాపారానికి సరిహద్దులేముంటాయి! మన ప్రభుత్వం ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు. నార్వే మాత్రం 1988లో భారజలం ఎగుమతులే మానుకుంది.

1991 చివర్లో గోదావరి ఒడ్డున, అశ్వాపురం దగ్గర మణుగూరు భారజల కర్మాగారం మొదలయ్యాక ఆ యాతన తీరింది. ఇప్పుడు మన భారజలాన్ని దక్షిణ కొరియా, అమెరికా దర్జాగా కొనుక్కుంటున్నాయి.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. మనం దొడ్డిదారిన కొన్నామేమో గానీ, బాంబు విద్యను అమ్ముకోలేదు. ఆ పేరు మనకు అంతర్జాతీయంగా బాగానే అక్కరకొచ్చింది. దానిమీద కూడా ఒకసారి మచ్చ పడింది. 2004లో అమెరికా, ఇరాన్‌కు సాయపడ్డారంటూ మన అణు విద్యుత్ సంస్థ మాజీ అధిపతులిద్దరిపై ఆంక్షలు పెట్టింది: సి. సురేందర్, వై.ఎస్.ఆర్. ప్రసాద్. (ఆ మూడు అక్షరాలు చూసి మా జిల్లావాళ్లు ఉలిక్కిపడొద్దు, ఈయన వేరే.) ఎలాంటి పరిజ్ఞానమూ చేతులు మారలేదని భారత ప్రభుత్వం గట్టిగా చెప్పింది. సురేందర్‌పై ఆంక్షలను మరుసటి ఏడాదే ఎత్తేశారు. ఓడలకొద్దీ సరుకు పంపిన ఖాన్ మీద అమెరికా ఆంక్షలు 2009 దాకా రాలేదని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మా జిల్లాకొద్దాం. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల దాటి వేంపల్లె మీదుగా పోతే వేముల మండలంలో తుమ్మలపల్లె వస్తుంది. భూమి కింద సున్నపురాయి జాతి రాయిలో యురేనియం ఉంది. చాలా పల్చగా ఉంది, టన్ను రాయి పిండి చేస్తే అరకిలో కూడా రాదు. కానీ రాయి అపారం. 2011లో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49,000 టన్నులు ఖాయంగా ఉందని, లక్షన్నర టన్నుల దాకా ఉండొచ్చని చెప్పాడు. రాయిని తవ్వి, దంచి, సోడా కలిపిన ద్రావణంలో వేడిమీద, ఒత్తిడి మీద కరిగించి యురేనియం తీస్తారు. అది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి పోతుంది. మిగిలిన బురదంతా కె.కె. కొట్టాల దగ్గరి చెరువులోకి పోతుంది.

ఈ గనికి ప్రజాభిప్రాయ సేకరణ 2006 సెప్టెంబరులో జరిగింది. కేంద్రం ఆమోదం 2007లో వచ్చింది. ఆ ఏళ్లలోనే అమెరికాతో అణు ఒప్పందంపై చర్చలు నడిచాయి. ఇంధనం చాలక మన రియాక్టర్లు సగం సగం నడుస్తున్న రోజులవి. 2008 సెప్టెంబరులో అమ్మకందార్ల కూటమి మనకు తలుపు తెరిచింది. ఒప్పందం ప్రకారం 22 రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి వెళ్లాయి. బయటినుంచి కొన్న యురేనియం ఈ తనిఖీ ఉన్నవాటిలోనే వాడాలి, బాంబు పనికి వాడకూడదు. తనిఖీ లేని మిగతా ఎనిమిదింటికి, సైనిక అవసరాలకు దేశంలో దొరికిన యురేనియమే గతి. మా రాయికి విలువ ఇక్కడ పెరిగింది. కజకస్తాన్ యురేనియం బాగా చవక, బాగా శ్రేష్ఠం. తుమ్మలపల్లెది ఖరీదు, పల్చన. అయినా దాన్ని తవ్వుతున్నారంటే, లెక్క అడిగే విదేశీయుడు లేకపోవడమూ ఒక కారణమే. తుమ్మలపల్లె సరుకు బాంబుకు పోతోందని నేననడం లేదు. పోకూడదనే షరతు మాత్రం ఎక్కడా లేదు.

దేశానికి బాంబు ఉండాలా వద్దా అన్నది వేరే వాదం. ఇరుగున చైనా, పొరుగున పాకిస్తాన్ ఉండగా ఉండాలనేవాళ్లే మా ఊళ్లోనూ ఎక్కువ. నాకు అభ్యంతరం ఉన్నది గుట్టు కింద ఇంకేమేమి దాస్తున్నారన్న దగ్గర. 1962 నాటి అణుశక్తి చట్టం ఈ రంగంలో దేన్నైనా రహస్యంగా ఉంచే వీలు ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ నీడ బాంబు దగ్గర ఆగలేదు, బోరుబావి దాకా వచ్చింది. కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్లుగా ఒకటే చెప్తున్నారు: బోరు నీళ్లు మారిపోయాయి, అరటి తోటలు ఎండుతున్నాయి, ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయి. బురద చెరువు అడుగున వేసిన పొర సరిగా లేదని 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా వేలెత్తి చూపింది. అంతా పరిమితుల్లోనే ఉందన్నది యాజమాన్యం జవాబు. 2019లో ఆళ్లగడ్డ దగ్గర యాదవాడలో అన్వేషణకు బోర్లు వేస్తుంటే జనం ఎందుకు ఎదురుతిరిగారో, నల్లమలలో యురేనియం తవ్వొద్దని తెలంగాణ శాసనసభ అదే ఏడాది సెప్టెంబరులో ఎందుకు తీర్మానం చేసిందో కె.కె. కొట్టాల చూస్తే అర్థమవుతుంది.

మన దగ్గర బాంబులెన్నో, ఏ రియాక్టర్లో ఎంత ప్లుటోనియం తయారైందో విదేశీ నిపుణులు ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని ఏటా అంచనా కడుతున్నారు, పుస్తకాలు అచ్చువేస్తున్నారు. తన బోరు నీళ్లలో ఏముందన్నది మాత్రం వేముల మండలం రైతుకు దక్కని సమాచారం. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణాల సంస్థే రాసిపెట్టింది. కనుక బాంబు లెక్కలు మీ దగ్గరే ఉంచుకోండి. గని చుట్టుపక్కల ప్రతి బోరునూ బయటి ప్రయోగశాలతో నెలనెలా పరీక్ష చేయించి, యురేనియం ఎంతుందో, సోడియం ఎంతుందో తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించండి.