బుజ్జి కుక్కకు కడుపు చెడితే

బాన్సువాడలో ఆదివారం మటన్ ఉడికే ఇంట్లో బొచ్చుకుక్క వంటగది గడప వదలదు. పిల్లలు రెండు తునకలేస్తారు, పెద్దలు కొవ్వు ముక్క పడేస్తారు, ఎవరో ఓ బొక్క ఇస్తారు. తెల్లారేసరికి వాకిట్లో వాంతి, గోడ పక్కన పల్చటి విరేచనం. ఇంటిల్లిపాదికీ గాభరా.

మన దగ్గర పామరేనియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే. ఐదారు కిలోల ఒంట్లో నీళ్లెన్ని ఉంటాయి! అందుకే పెద్ద కుక్క తట్టుకునే విరేచనాలకే ఇది వాడిపోతుంది. అయినా ఒకటి రెండుసార్లు కక్కి, తోక ఊపుతూ తిరుగుతుంటే భయపడాల్సిన పని లేదు. ఎదిగిన కుక్కయితే పూటో రెండు పూటలో తిండి ఆపితే కడుపు తేరుకుంటుంది. నీళ్లు మాత్రం ఆపకూడదు. గిన్నె నిండా పెడితే గటగటా తాగి మళ్లీ కక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా పోయాలి. కూనలను పస్తు పెట్టకూడదు. రక్తంలో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతాయి.

ఆ తర్వాత పథ్యం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ఈ ప్రాంతంలో దానికి కొదవేముంది? మెత్తగా ఉడికిన అన్నం రెండు పాళ్లు, తోలూ బొక్కలూ తీసి ఉత్త నీళ్లలో ఉడికించిన కోడిమాంసం ఒక పాలు. ఉప్పు, నూనె, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాలు చాలా కుక్కలకు అరగవు, విరేచనాలు పెరుగుతాయి. గుప్పెడు చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి.

పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి చూడండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో గులాబీ రంగుకు రావాలి. చిగురు జిగటగా, పొడిగా తగిలినా, మెడ మీది చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఒంట్లో నీరు తగ్గినట్టే. పశువుల దవాఖానకు బయల్దేరాలి. విరేచనంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, నీళ్లు కూడా నిలవని వాంతులు, ఒక రోజు దాటినా తగ్గని నీరసం ఉన్నా ఆగకూడదు.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్లలు మాత్రం వేయొద్దు. మనకు మందైనవి కుక్కకు విషం.

టీకా పడని కూనకు వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే పార్వో అనుమానించాలి. 1978లో ప్రపంచమంతా పాకిన ఆ వైరస్ ఇప్పటికీ కూనలను రోజుల్లోనే పొట్టన పెట్టుకుంటోంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయించాలి. నట్టల మందు కూడా మరవొద్దు.

పొలం గట్టున తిరిగొచ్చిన కుక్క చొంగ కారుస్తూ వణికితే అది అజీర్తి కాదు, పురుగుమందు కడుపులోకి పోయి ఉండొచ్చు. డబ్బా దొరికితే వెంట తీసుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

విరేచనం గట్టిపడ్డాక రెండు మూడు రోజులు పథ్యంలోనే పాత తిండి కొంచెం కొంచెంగా కలపాలి. వచ్చే ఆదివారం మటన్ వాసనకు అది గడప దగ్గరికి వస్తే, ఉప్పుకారం వేయకముందే తీసిపెట్టిన కొవ్వు లేని తునక ఒక్కటి చాలు.