మీకు తెలుసా? కూలెంట్ నిలువుగా దిగాలా, అడ్డంగా పారాలా

కారు రేడియేటర్లో కూలెంట్ పైనుంచి కిందికి దిగినా, ఒక పక్కనుంచి మరో పక్కకు పారినా ఇంజిన్ చల్లబడటంలో తేడా దాదాపు ఉండదు. అంబాసిడర్‌ది నిలువు పారుదల. ఇప్పుడు ఢిల్లీ రోడ్లమీద తిరిగే కార్లలో చాలావాటిది అడ్డం పారుదల. మామూలు కార్లలో గాలి మాత్రం గ్రిల్‌లోంచి దూరి ఇంజిన్ వైపుకే పోతుంది. కాబట్టి రేడియేటర్ గొట్టాలు నిలువుగా ఉన్నా, పడుకోబెట్టినా గాలి వాటిని అడ్డంగా దాటాల్సిందే. రేడియేటర్ జాలీ వైశాల్యం, గాలి వేగం, పంపు తోసే కూలెంట్ ఒకటే అయితే ఫలితం కూడా ఒకటే.

మరి పాత కార్లన్నిటికీ నిలువు రేడియేటర్లే ఎందుకు? అప్పట్లో చాలా బండ్లకు వాటర్ పంపు లేదు. ఫోర్డ్ మోడల్ టీ మొదటి రెండున్నర వేల కార్లకు పంపు పెట్టి, ఆ తర్వాత తీసేశారు. కాగిన నీరు తేలికై ఇంజిన్‌లోంచి పై ట్యాంకుకు ఎక్కుతుంది. చల్లబడి బరువెక్కి కిందికి దిగి మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. పంపు చేయాల్సిన పని బరువుల తేడాయే చేసిపెట్టేది. అక్కడ పారుదల దిశ మార్చారంటే బండి ఆగిపోయినట్టే.

ఆ కాలపు బండి ఎలా ఉండేదో చూడాలంటే ఢిల్లీలోనే ఒకటుంది. చాణక్యపురి రైల్ మ్యూజియంలోని 1914 నాటి జాన్ మోరిస్ ఫైరింజను, ఒకప్పుడు మన నిజాం రైల్వేలో పనిచేసింది. 1964 నుంచి జరుగుతున్న స్టేట్స్‌మన్ పాతకార్ల ర్యాలీలో అదీ పాల్గొంది. ఆ ర్యాలీకి వచ్చే పాతకాలపు కార్ల ముందుభాగం ఎంత ఎత్తుగా ఉంటుందో గమనించండి. రేడియేటర్ నిలువునా నిలబడాలి కాబట్టి బానెట్టూ దాని ఎత్తుకు పెరిగింది. పంపు వచ్చాక ఆ అవసరం పోయింది. గొట్టాల్ని పడుకోబెట్టి, ట్యాంకుల్ని రెండు పక్కలా పెట్టి బానెట్‌ను కిందికి దించేశారు. అడ్డం పారుదలకు అసలు కారణం చల్లదనం కన్నా కారు ఆకారమేనని నా అభిప్రాయం.

అడ్డం పారుదలలో ఒక చిన్న లాభం లేకపోలేదు, అది మూత విషయంలో. నిలువు రేడియేటర్లో మూత పై ట్యాంకుమీద, అంటే పంపు ఒత్తిడి నేరుగా తగిలేచోట ఉంటుంది. అడ్డం రకంలో మూతను కూలెంట్ బయటికి పోయే పక్క ట్యాంకుమీద పెట్టుకోవచ్చు. అక్కడికి చేరేసరికి ఒత్తిడి కొంత తగ్గుతుంది కనుక ఇంజిన్ ఎంత జోరుగా తిరిగినా మూత తొందరపడి తెరుచుకోదు.

ఢిల్లీ వేసవిలో అసలు తంటా గాలితోనే. 2024 మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. అప్పటికి 79 ఏళ్లలో అక్కడ అంత ఎండ లేదు. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే గాలికీ దానికీ తేడా 48 డిగ్రీలే. జనవరిలో పొద్దున్నే 5 డిగ్రీల చలిలో ఆ తేడా 90. రేడియేటర్ వదిలే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది. అంటే మే నెలలో అదే రేడియేటర్ సగానికి కాస్త పైన పని చేస్తుందంతే. దానికితోడు ముందున్న ఏసీ కండెన్సర్ తన వేడినీ గాలిలో కలిపి పంపిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వైపు వెళ్లిన వేడిగాలి పక్కల సందుల్లోంచి తిరిగి ముందుకొచ్చి మళ్లీ రేడియేటర్లోకే దూరుతుంది. ఆ సందులు మూసే రబ్బరు, ఫోమ్ పట్టీలు గుద్దుకున్న బండిని బాగుచేసేటప్పుడు ఊడిపోతుంటాయి, మళ్లీ ఎవరూ పెట్టకుండా వదిలేస్తుంటారు. కశ్మీరీ గేట్ విడిభాగాల బజారుకు వెళ్లి పెద్ద రేడియేటర్ కొనేముందు అవి ఉన్నాయో లేదో చూసుకోవడం చవక.

ఇంతకీ దిశకు విలువే లేదా? ఉంది, కొన్నిచోట్ల. ముందూ వెనకా రెండు వరుసల గొట్టాలుండి, కూలెంట్ ఒక వరుసలో వెళ్లి రెండో వరుసలో తిరిగొచ్చే రేడియేటర్లున్నాయి. వాటిలో వేడి కూలెంట్ మొదట వెనక వరుసలోకే వెళ్లాలి. అప్పుడే కొంత చల్లబడ్డ కూలెంట్‌కు తాజా గాలి, వేడి కూలెంట్‌కు కాస్త వేడెక్కిన గాలి తగిలి, రెండుచోట్లా తేడా సరిపడా మిగులుతుంది. కూలెంట్ వచ్చే, పోయే గొట్టాలు తారుమారు చేస్తే కొంత సామర్థ్యం పోతుంది. ఒకే వరుస ఉన్న మామూలు కార్లలో ఈ బాధ లేదు. అలాంటి ఒకే వరుస రేడియేటర్లో కూలెంట్‌ను సగం గొట్టాల్లో పంపి, మిగతా సగంలో వెనక్కి తెస్తే వేగం రెట్టింపై వేడి బాగా వదులుతుంది కానీ, అంతే కూలెంట్ తోయడానికి పంపుమీద భారం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. చిన్న పంపున్న కారుకు ఈ బేరం గిట్టదు.

ఇంకొకటి ఫ్యాన్. మోటారు తీగలు రెండూ తారుమారైతే ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఎదురు తిరిగి గాలిని ముందుకు తోస్తుంది. కారు పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలితో పోట్లాడుతుంది, ఆగినప్పుడు ఇంజిన్ వేడిని రేడియేటర్లోకి నెడుతుంది. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని మెకానిక్ నమ్మేస్తాడు. ఆగిన కారు గ్రిల్ ముందు పల్చటి కాగితం పట్టుకుంటే తెలిసిపోతుంది: సరైన ఫ్యాన్ దాన్ని జాలీవైపు లాక్కుంటుంది.

ఢిల్లీ దుమ్ము రేడియేటర్ ఫిన్లలో ఇరుక్కుంటే కడిగేది కూడా వెనకనుంచే, ఇంజిన్ వైపునుంచి ముందుకు, సన్నటి ధారతో. ముందునుంచి జోరుగా కొడితే దుమ్ము ఇంకా లోపలికి పోయి, పల్చటి ఫిన్లు వంగిపోతాయి.